‘తలెదండ’ నాటకమున విశ్వాససంకటము

పౌరాణిక నాటకములకు అలవాటుపడిన తెలుగు ప్రేక్షకునకు భక్తుని సంకటమెట్లు ముగియునో ముందే తెలియును. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయమున కాటిసీను ఎంత దీర్ఘముగ సాగినను, చంద్రమతిపై కత్తి యెత్తిన వేళకు దేవతలు ప్రత్యక్షమగుదురని యెరిగియే జనులు తెల్లవారుదాక కూర్చుండెడివారు. అందలి దుఃఖము నిజమే; కాని దానికొక గడువు కలదు. ఆధునిక నాటకమున ఆ గడువు లేదు. సత్యమునకై నిలిచినవానిని కాపాడుటకు పైనుండి యెవ్వరును దిగిరారు. దిగిరానప్పుడు వాని విశ్వాసమేమగును? నిలుచునా, విరుగునా, లేక మరియొక రూపము దాల్చునా? ఈ ప్రశ్నలే గడచిన నూటయేబది సంవత్సరములుగా లోకమందలి పెక్కు గొప్ప నాటకములకు ప్రాణమైనవి.

ఐరోపా ఖండమున ఈ మార్పు పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునకే స్పష్టమయ్యెను. నార్వే దేశీయుడైన హెన్రిక్ ఇబ్సన్ 1866లో ప్రకటించిన ‘బ్రాండ్’ నాటకమున నాయకుడొక మతాచార్యుడు. దేవునకు సర్వమును ఈయవలెను, లేదా ఏమియు ఈయనక్కరలేదు అనునది వాని పట్టు. ఆ పట్టువలన బిడ్డ పోవును, భార్య పోవును, తుదకు వెంట నడచిన జనులును విడిచిపోవుదురు; వాడు కొండపై హిమపాతము క్రింద సమసిపోవును. వాడు మహాత్ముడో మూర్ఖుడో కవి తేల్చి చెప్పలేదు. 1953లో పారిసు నగరమున ప్రదర్శింపబడిన శామ్యూల్ బెకెట్ నాటకమున ఇరువురు దిమ్మరులు గోడో అనువానికొరకు చెట్టు క్రింద వేచియుందురు. వాడు రాడు. నాటకము ముగియును. ఇట్టివానినన్నిటిని ఒక్క వ్యాసమున పరామర్శింపబూనుట చెరువును చెంబుతో తోడుటవంటిది. వీరశైవ పాఠకుల మనసునకు సూటిగా తగులు నాటకము మన పొరుగుభాషయైన కన్నడముననే యొకటి కలదు. దానిని గ్రహించినచో తక్కినవాని తత్త్వము సులభముగ బోధపడును. అది గిరీశ్ కర్నాడ్ రచించిన ‘తలెదండ’.

1938లో జన్మించి 2019లో గతించిన కర్నాడ్ ‘యయాతి’, ‘తుగ్లక్’, ‘హయవదన’ మున్నగు నాటకములచే దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. 1998 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము అతనికి లభించెను. ‘తలెదండ’ 1990లో వెలువడి, 1994లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము పొందినది. హిందీలో రామగోపాల్ బజాజ్ దీనిని ‘రక్తకల్యాణ్’ అను పేర అనువదించెను. నాటకము పేరు చూచి తెలుగువారు పొరపడరాదు. ఇందలి ‘దండ’ పూలదండ కాదు, దండనము. కన్నడమున ‘తలె’ యనగా తల. కావున తలెదండ యనగా శిరచ్ఛేదరూపమైన శిక్ష. బసవన్న పేరు తలచినంతనే పూలదండ స్ఫురించు మనకు ఈ శబ్దము మొదటనే ఒక హెచ్చరికవలె వినిపించును.

నాటకము వెలువడిన కాలమును గూడ గుర్తింపవలెను. 1989, 1990 సంవత్సరములలో ఒకవైపు మండల్ సంఘపు సిఫారసులను గూర్చి, మరియొకవైపు అయోధ్య మందిరమును గూర్చి దేశమున తీవ్రమైన ఆందోళనలు చెలరేగెను. కులము, మతము అను రెండు ప్రశ్నలు ఒక్కమారే వీధికెక్కిన ఆ రోజులలో, ఎనిమిది వందల యేండ్లనాడు కల్యాణపురమున శరణులు లేవనెత్తిన ప్రశ్నలు ఎంత నేటివో తనకు స్ఫురించినదని కర్నాడ్ స్వయముగ తెలిపెను. పండ్రెండవ శతాబ్దిని గూర్చిన నాటకము వ్రాయుచు ఇరువదవ శతాబ్దిని చూచుచున్న కవి యితడు.

కన్నడ నాటకకర్తలలో కల్యాణ వృత్తాంతమును చేపట్టినవాడు కర్నాడ్ ఒక్కడే కాడు. 1970ల తొలినాళ్ళలో పి. లంకేశ్ ‘సంక్రాంతి’ని రచించెను. అందు అంత్యజుడైన రుద్రుడు, బ్రాహ్మణ కన్యయైన ఉష ప్రేమించుకొందురు. రుద్రుడు శరణుడై సాధువర్తనము నేర్చిన పిదప, తాను ప్రేమించిన ఆ జీవకళ వానిలో కనిపింపదని ఉష చింతించును. సంస్కారము మనుష్యునకేమి ఇచ్చినది, వాని నుండి ఏమి తీసికొన్నది అను కఠినమైన ప్రశ్న యది. హెచ్. ఎస్. శివప్రకాశ్ 1986లో ‘మహాచైత్ర’మును వ్రాసెను. అది పాఠ్యగ్రంథమై 1995లో పెద్ద వివాదమునకు గురియయ్యెను. బసవన్న కథను రంగమున నిలుపుట నిప్పుతో చెలగాటమని దీనివలన తెలియగలదు. అయినను మూడు దశాబ్దులలో ముగ్గురు ప్రతిభావంతులు అదే నిప్పును చేతబట్టిరన్నచో ఆ కథలో నేటివానిని వదలని వేడి యేదో ఉండియుండవలెను.

చరిత్రను గూర్చి రెండు మాటలు చాలును. కలచురి వంశీయుడైన బిజ్జలుడు చాళుక్యులకు సామంతుడై యుండి, పిమ్మట కల్యాణ సింహాసనమును తానే ఆక్రమించెను. బసవన్న అతని కొలువున భాండాగారికుడు. శరణుల సంఘము అతని చుట్టును పెరిగెను. 1167–68 ప్రాంతమున కల్యాణము రక్తసిక్తమై, బిజ్జలుడు హతుడై, శరణులు చెల్లాచెదరైరి. ఆ నగరము నేడు బసవకల్యాణమను పేర కర్ణాటక రాష్ట్రపు బీదరు జిల్లాలో, తెలంగాణ పొలిమేరకు చేరువగా కలదు.

కర్నాడ్ నాటకము బసవన్నతో మొదలుకాదు. ఒక బ్రాహ్మణగృహమున సాంబశివశాస్త్రి యను వృద్ధుడు మరణశయ్యపై పడి కొడుకును పేరుపెట్టి పిలుచుచుండును. కొడుకు జగదేవుడు ఇంట లేడు. యువరాజు సోవిదేవుడు బసవన్న అధీనమందలి భాండాగారపు లెక్కలను తనిఖీ చేయబూనగా, శరణులు గుమిగూడి దానిని చుట్టుముట్టిరి. వారికి ముందు నిలిచినవాడు జగదేవుడు. తుదకు ఇల్లు చేరినప్పుడైనను వాడు తిన్నగా తండ్రి చెంతకు పోడు. తనతో వచ్చిన మల్లిబొమ్మడను చర్మకార కులజుని ఇంటిలోనికి రమ్మని పట్టుబట్టును. మల్లిబొమ్మడు సంకోచించును; లోపల ముసలివాడు ప్రాణము విడుచుచున్నాడు, ఇల్లాండ్రు దుఃఖమున నున్నారు, ఇది సమయమా యని వాని భావము. జగదేవునకు ఆ సంకోచము పట్టదు.

ఈ సన్నివేశమును తొందరపడి దాటిపోరాదు. జగదేవుడు చేయుచున్నది తప్పా? అంత్యజుని అగ్రహారపు టింటిలోనికి ఆహ్వానించుట శరణధర్మమే కదా. కాని ఆ ఆహ్వానము మల్లిబొమ్మని కొరకా, తన కొరకా? ఇంట పడియున్న తండ్రి పిలుపు చెవిని పడనంతగా తన సాహసమును తానే చూచుకొని మురియుచున్న యువకుడు వాడు. సమానత్వమును చాటుటకు మల్లిబొమ్మని ఒక పతాకమువలె ఎత్తిపట్టుచున్నాడు గాని, మిత్రుని ముఖమందలి ఇబ్బందిని చూడడు. విశ్వాసమున పుట్టు తొలి సంకటమును కర్నాడ్ ఇక్కడ నాటెను. అది అవిశ్వాసము కాదు; విశ్వాసము తానే అహంకారముగ మారుట. రోగము ఇట్టిదైనప్పుడు రోగికి తాను రోగినను ఎరుక యుండదు.

భాండాగారపు గొడవకు తోకగా ఒక వదంతి పుట్టును. బసవన్న మహిమచే తరిగిన ధనము తిరిగి నిండినదని పురజనులు చెప్పుకొందురు. పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి ఈ ఘట్టము సుపరిచితము. అందు బసవన్న జంగమకోటికి ధనము వెచ్చించెనని కొండెములు చెప్పగా, బిజ్జలుడు లెక్కింపించుటయు, మాడ యొక్కటియు తగ్గకుండుటయు భక్తి మహిమగ వర్ణితమైనది. పదమూడవ శతాబ్ది కవికి అది నిస్సంశయమైన సత్యము. ఆధునిక నాటకకర్త దానిని జనుల నోట వదంతిగ నిలిపి ఊరకుండెను. మహిమ కావలయునని కోరు జనసమూహము నడుమ, మహిమతో నిమిత్తము లేని ఒక మార్గమును చూపబూనిన బసవన్న ఎంత ఏకాకియో దీనివలన తెలియుచున్నది. జనులు అతని మాటను మెచ్చిరా, అతని మహిమను మెచ్చిరా? ఈ శంక నాటకాంతము వరకు విడువదు.

నాటకమున అత్యంత ప్రౌఢముగ చిత్రితమైన పాత్ర బిజ్జలునిది. పురాణమున అతడు భక్తద్రోహి. ఇందు అతడు లోలోన గాయపడిన మనుష్యుడు. తన వంశము మంగలి వృత్తినుండి పైకి వచ్చినదని, తరతరములుగ కత్తిబట్టి రాజ్యములేలినను, బ్రాహ్మణులకు గోదానములు చేసి క్షత్రియ నామమును కొనుక్కొన్నను, ఎదుటివారి చూపులో ఆ పుట్టుక జాడ చెరగలేదని అతడు రాణి రంభావతితో వాపోవును. ఆ జాడ కనిపింపని కన్నులతో తన్ను చూచినవారు శరణులు మాత్రమే. బసవన్నపై అతని ఆదరమునకు మూలమిది. అతడు శరణమతమును స్వీకరింపలేదు, వచనములను పఠింపలేదు. అయినను మనుష్యునిగా గుర్తింపబడుట ఎట్టిదో బసవన్నవలన నెరిగినాడు. రాజునకు దేవునిపై విశ్వాసమున్నదో లేదో చెప్పజాలము. బసవన్నపై మాత్రము ఉన్నది. అట్టివాడు తుదకు శరణుని చేతనే హతుడగుట ఈ నాటకమందలి మహావిషాదము.

ఇక వివాహఘట్టము. బ్రాహ్మణుడుగ పుట్టి శరణుడైన మధువరసు, తన కుమార్తె కళావతిని చెప్పులుకుట్టు వృత్తివాడైన హరళయ్య కుమారుడు శీలవంతునకు ఇచ్చుటకు నిశ్చయించెను. శరణులందరు ఉబ్బితబ్బిబ్బగుదురు. కులభేదము లేదని ఇన్నాళ్ళు నోట చెప్పినది నేడు పీటలపై రుజువగుచున్నదని వారి ఉత్సాహము. ఆ ఉత్సాహము నడుమ మౌనముగ నున్నవారు ముగ్గురు: తల్లులిద్దరు, బసవన్న.

కళావతి తల్లి లలితాంబ మనసు విప్పిన వేళ ఈ నాటకమునకు హృదయమని చెప్పదగును. ఆమె లింగధారణ చేసికొన్నది. హరళయ్య మహాశరణుడని నిండుమనసుతో నమ్మినది. హరళయ్య దంపతులు తమ తొడల చర్మముతో బసవన్నకు పాదరక్షలు కుట్టిరను కథ వీరశైవుల యిండ్ల వినని పసివారు లేరు. అట్టివారిని వంచన లేకుండ గౌరవించుచునే, తన బిడ్డ ఆ యింటి తోళ్ళ నడుమ, ఆ వాసన నడుమ కాపురము చేయవలెనని తలచినంతనే ఆమె శరీరము జంకును. బుద్ధి ఒప్పినది, మనసు ఒప్పినది, ముక్కు ఒప్పలేదు. శీలవంతుని తల్లి కల్యాణికి వేరొక భయము. పెద్దకులపు పిల్లను కోడలిగ తెచ్చుకొన్నందుకు ఏ దండనము ఎవరి నెత్తిన పడునో ఆమెకు తరతరముల అనుభవముచే తెలియును. మగవారు సిద్ధాంతమును జరుపుకొనుచున్నారు. ఆడువారు ఆ సిద్ధాంతముతో రేపటినుండి వంట వండవలసియున్నది.

విశ్వాసమును గూర్చి వ్రాసిన పెక్కుమంది దానిని మెదడునకు సంబంధించిన వ్యవహారముగ భావించిరి. దేవుడున్నాడా లేడా యని తర్కించుటయే సంకటమని వారి తలంపు. లలితాంబకు దేవునిపై సందేహమేమియు లేదు. ఆమె సందేహమంతయు తనపైననే. నమ్మినదానిని ఈ దేహము మోయగలదా యనునది ఆమె వేదన. భక్తుని కాయమే కైలాసమని నమ్మునట్టి మార్గమున ఇది చిన్న ప్రశ్న కాదు. కాయము మార్పు చెందనిచో మతము మారుటకు అర్థమేమి? ఈ వేదనను కపటమని తీసివేయుట సులభము. కాని లలితాంబ తన జంకును దాచక బయటపెట్టినది, జంకుచునే పెండ్లికి నిలిచినది. సంకోచమే ఎరుగనట్లు జయజయధ్వానములు చేసినవారికంటె ఆమె నడచిన దూరమే ఎక్కువయని చెప్పుట న్యాయము.

బసవన్న సంకోచము వేరు. ఈ వివాహము ధర్మమను విషయమున అతనికి శంక లేదు. వర్ణవ్యవస్థ వేరుపై గొడ్డలివ్రేటు పడినప్పుడు ప్రతిపక్షము ఊరకుండదని, ఆ ప్రతిక్రియను భరించుటకు శరణసంఘము ఇంకను పక్వము కాలేదని అతని భయము. తాను విత్తిన విత్తు తన యంచనాకంటె ముందే మొలకెత్తినది. దానిని ఆపినచో ఇన్నాళ్ళ బోధ అసత్యమగును. ఆపనిచో పిల్లల ప్రాణములు బలియగును. ఆశీర్వదించుట తప్ప గత్యంతరము లేదు, ఆశీర్వదించుచు నిశ్చింతగ నుండుటయు సాధ్యము కాదు. గురువు ఇట్లు తడబడునా యని కొందరు భక్తులు ఈ చిత్రణమునకు నొచ్చుకొనవచ్చును. తన మాట నమ్మి కన్నులు పోగొట్టుకొనబోవు మనుష్యులను ఎదుట నిలుపుకొని, ఇసుమంతయు తడబడని గురువు కంటె తడబడిన గురువే నమ్మదగినవాడని నాటకము చదివినవారు గ్రహింపగలరు.

తరువాతి కథ వేగముగ సాగును. ఇక్కడను వేగముగ చెప్పిన చాలును. బిజ్జలుడు మొదట మండిపడినను బసవన్నపైనున్న గౌరవముచే పెండ్లికి అడ్డుపడడు. ఆ కారణమున సోవిదేవుడు, దామోదరభట్టు, మంచణ క్రమితుడు కలసి రాజును నిర్బంధించి అధికారము చేజిక్కించుకొందురు. దామోదరభట్టు ఉత్త దుర్మార్గుడు కాడని మాత్రము ఒక మాట చెప్పవలెను. ఎవరి మెట్టుమీద వారుండుటయే శాంతికి మార్గమని అతడు చేయు వాదము తీయగా, తర్కబద్ధముగ నుండును. ప్రమాదమంతయు ఆ తీపిలోనే కలదు. మధువరసునకు, హరళయ్యకు క్రూరమైన శిక్ష పడును. వారి కన్నులు పెరికించి ఈడ్పించి చంపింతురు. ప్రతీకారము వలదని బసవన్న వేడుకొని సంగమమునకు వెడలిపోవును. జగదేవుడు వినడు. రాజభవనమందలి దేవాలయమున బిజ్జలుని పొడిచి చంపును. పిమ్మట తానును ప్రాణము తీసికొనును.

చంపినవాడు శివభక్తుడు. చచ్చినవాడును తుది ఘడియలో శివలింగము చెంతకు చేరినవాడే. ఒకని మెడలో ఇష్టలింగము, ఒకని యెదుట స్థావరలింగము. స్థావర జంగమ భేదమును గూర్చి బసవన్న చేసిన బోధ నెరిగినవారు ఈ దృశ్యమును చూచి కలవరపడక మానరు. దేహమే దేవాలయమని నేర్చినవాడు ఒక దేహమును కూల్చెను. రాతిగుడిని ఆశ్రయించినవానికి ఆ గుడి రక్ష కాలేదు.

ఇదే ఘట్టమును పాల్కురికి సోమనాథుడెట్లు చెప్పెనో పోల్చిచూచుట ఈ పాఠమున ముఖ్యము. బసవపురాణము సప్తమాశ్వాసమున అల్లయ్య, మధువయ్యల కన్నులను బిజ్జలుడు తీయించుటయు, బసవన్న కల్యాణమును వీడి సంగమేశ్వరమునకు తరలుటయు, జగదేవుడు మల్లయ బొమ్మయలతో కూడి బిజ్జలుని వధించుటయు కలవు. మల్లయ బొమ్మయలను ఇరువురి పేర్లు కర్నాడ్ నాటకమున మల్లిబొమ్మడను ఒక్క పాత్రగ కనిపించుచున్నవి. సోమనాథుని దృష్టిలో ఆ వధ భక్తద్రోహమునకు తగిన ఫలము, భక్తులు తీర్చుకొన్న ఋణము. జగదేవుని మనసున రెండవ యాలోచన లేదు. ద్విపద పరుగులో శ్రోతకును రెండవ యాలోచన కలుగదు. ఆ కాలమున వీరశైవము నలుదెసల శత్రువుల నడుమ నిలదొక్కుకొనుచున్న మతము. దానికి కావలసినది నిష్ఠయే గాని సంశయము కాదు. ఆ కావ్యమును భీమకవి 1369లో కన్నడీకరించెను. తెలుగునుండి కన్నడమునకు పోయిన ఆ కథయే ఆరు వందల యేండ్ల పిదప ఇట్లు ప్రశ్నారూపమున మన యెదుటికి వచ్చినది. సోమనాథుడు తప్పని గాని, కర్నాడ్ తప్పని గాని తీర్పు చెప్పుటకు ఇందు పనిలేదు. ఒకడు ధైర్యము కావలసినవారికి వ్రాసెను; ఒకడు ధైర్యము మితిమీరిన కాలమున వ్రాసెను.

ఇచ్చట ఆంగ్లనాటకమొకటి తప్పక తలపునకు వచ్చును. టి. ఎస్. ఎలియట్ రచించిన ‘మర్డర్ ఇన్ ది కెథీడ్రల్’ 1935 జూను మాసమున ఇంగ్లండునందలి కాంటర్బరీ దేవాలయ ప్రాంగణముననే ప్రదర్శింపబడెను. దాని వస్తువు 1170 డిసెంబరు 29వ తేదీన ఆ దేవాలయమున జరిగిన థామస్ బెకెట్ హత్య. సంవత్సరములను గమనింపుడు. కల్యాణపు రక్తపాతమునకు కాంటర్బరీ హత్యకు నడుమ రెండు మూడేండ్ల యెడము మాత్రమే కలదు. బెకెట్ కూడ రెండవ హెన్రీ రాజునకు ప్రీతిపాత్రుడైన మంత్రి. పిమ్మట మతాచార్యుడై, రాజు నెదిరించి నిలిచినవాడు. ఒకరి నొకరెరుగని రెండు దేశములలో ఒకే కాలమున రాజ్యాధికారమునకు ధర్మమునకు నడుమ ఇట్టి పెనగులాట జరుగుట, ఇరువదవ శతాబ్దిలో ఇరువురు నాటకకర్తలు వానినే ఎన్నుకొనుట విస్మయము గొల్పును.

ఎలియట్ నాటకమున నలుగురు ప్రలోభకులు థామసు చెంతకు వత్తురు. సుఖమును చూపి ఒకడు, పదవిని చూపి ఒకడు, తిరుగుబాటును చూపి ఒకడు పిలుతురు. ఈ ముగ్గురిని త్రోసివేయుట అతనికి కష్టము కాలేదు. నాలుగవవాడు వచ్చి అతని మనసులోని మాటనే అతనికి చెప్పును: బలిదానము చేయుము, యుగయుగములు నీ సమాధికి జనులు మ్రొక్కుదురు. థామసు ఉలికిపడును. మరణమునకు సిద్ధపడినవాడు ఆ మరణమువలని కీర్తికి గూడ ఆశపడినచో అది త్యాగమగునా? ఈ చిక్కును విడదీసికొని, తన సంకల్పమును దైవసంకల్పమునకు అప్పగించిన పిదపనే అతడు ఖడ్గమునకు ఎదురునిలుచును.

జగదేవుని చెంతకు ఈ నాలుగవ ప్రలోభకుడు నాటకారంభముననే వచ్చెను. భాండాగారము కడ జనుల జయధ్వానములలో వాడే పలికెను. జగదేవుడు వానిని గుర్తింపలేదు. థామసునకు జగదేవునకు గల భేదమంతయు ఇదియే. మరియొక భేదము కవులకు సంబంధించినది. ఎలియట్ 1927లో ఆంగ్లికన్ మతమును స్వీకరించిన విశ్వాసి. అతని నాటకమున దైవానుగ్రహము కంటికి కనబడకున్నను గాలివలె అంతట నిండియున్నది. అందువలన హత్య జరిగినను ప్రేక్షకుడు అనాథ కాడు. కర్నాడ్ అట్టి భరోసాను ఈయలేదు. అతని నాటకమున శరణులకు ఒకరికొకరు తప్ప వేరు ఆధారము లేదు. ఆ ఆధారమును కత్తి తెగగొట్టును. ఈ విషయమున ఎలియట్ నాటకము మనసునకు ఊరటగ నుండును, కర్నాడ్ నాటకము నిదురపట్టనీయదు.

షట్స్థల సిద్ధాంతమును చదువుకొన్నవారు జగదేవుని పతనమును తమ పరిభాషలో చక్కగ వివరించుకొనవచ్చును. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములకు వరుసగా శ్రద్ధ, నిష్ఠ, అవధానము, అనుభవము, ఆనందము, సమరసము అను భక్తిభేదములు చెప్పబడినవి. జగదేవునకు శ్రద్ధ కలదు, నిష్ఠ మెండుగ కలదు. రెండవ మెట్టునుండి మూడవదానికి పోవు త్రోవలో వాడు నిలిచిపోయెను. అవధానమనగా ఊరక ధ్యానము కాదు. తనకు లభించిన దానినెల్ల ప్రసాదముగ స్వీకరించు మెలకువ. ఆ మెలకువ యున్నచో తండ్రి పిలుపు వినబడియుండును, మల్లిబొమ్మని సంకోచము కనబడియుండును. నిష్ఠ అవధానముగ పరిణమింపనిచో అది క్రోధముగ ఘనీభవించును. శరణనామము ధరించిన యువకుడు శరణస్థలమునకు ఎంత దూరమున నున్నాడో నాటకకర్త శాస్త్రపరిభాష నుపయోగింపకయే చూపెను.

బసవన్న పాత్రను గూర్చి ఒక ఆక్షేపణ మిగిలియున్నది. శిష్యులు చచ్చుచుండగా గురువు సంగమమునకు వెడలుట పలాయనము కాదా యని కొందరు విమర్శకులు అడిగిరి. ఇది సులభముగ తీసివేయదగిన ప్రశ్న కాదు. అతడు నిలిచియుండినచో శరణులు అతని చుట్టు ఆయుధములు పట్టెడివారని, అహింసను బోధించినవాని పేరుమీదనే హింస సాగెడిదని ఒక సమాధానము చెప్పవచ్చును. కాని అతడు వెడలినను హింస ఆగలేదు. ఆ లోటును పూడ్చుటకు కర్నాడ్ ప్రయత్నింపలేదు. సోమనాథుని కావ్యమున బసవన్న సంగమేశ్వరునియందు ఐక్యమగుట ఒక మహోత్సవము. వినువారు చేతులు జోడింతురు. నాటకమున మాత్రము బసవన్న వెడలిన పిదపను కల్యాణము మన కన్నులయెదుటనే యుండును. సోవిదేవుడు సింహాసన మెక్కును, శరణులను వెంటాడి చంపుటకు ఆజ్ఞలు వెలువడును.

వీరశైవ సంఘములలో ఈ నాటకమును చదివించువారు వివాహఘట్టమును ఒక సాయంకాలము వేరుగ చదివించుట మంచిది. స్త్రీ పాత్రలను స్త్రీలే చదివినచో ఇంకను మంచిది. రాజు మాటలు, మంత్రి మాటలు విన్నప్పుడు తలలూపు శ్రోతలు లలితాంబ మాటలు వచ్చునప్పటికి ఒకరి ముఖము లొకరు చూచుకొందురు. ఎనిమిది వందల యేండ్లనాడు శరణులు వేసిన పీటల మీదికి నేటి యిండ్లలో ఎందరు తమ బిడ్డలను పంపగలరను లెక్క అప్పుడు ఎవరికి వారికే వచ్చును. ఆమె పలికిన జంకునకు నాటకమున ఎవ్వరును సమాధానము చెప్పలేదు, బసవన్నయు చెప్పలేదు.